సీసం దుప్పటి

మొన్న సూరత్‌లోని భేస్తాన్‌లో మా మనవరాలి తుంటికి ఎక్స్‌రే తీయించాం. ఆరేళ్ల పిల్ల, మెట్ల మీద జారిపడింది. టెక్నీషియన్ పిల్ల మీద ఏమీ కప్పలేదు. పట్టుకున్న కోడలికి మాత్రం సీసం ఆప్రాన్ తొడిగాడు. నాకు ఒళ్లు మండింది. "పిల్లకేదీ?" అని గట్టిగానే అడిగాను. "ఇప్పుడు వేయడం లేదు కాకా" అన్నాడు.

నా పట్టుదల పాత పాఠకులకు తెలుసు. పెద్దలు పెట్టిన జాగ్రత్తను తొందర కోసం తీసేస్తే నేనొప్పుకోను. బెల్టుకు జాలీ లేని సాంచా (మరమగ్గం) దగ్గర వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూసినవాణ్ని.

సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన కొత్తలో మా బాపుకు దగ్గు పట్టుకుంది. ఛాతీ ఎక్స్‌రేకు తీసుకెళ్తే, అక్కడి పెద్దాయన నడుముకు సీసం కలిపిన రబ్బరు దుప్పటి చుట్టాడు. బాపు దాని అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు, ఏ బట్టనైనా అట్లాగే చూసేవాడు. "గింత బరువు బట్ట ఏ సాంచా మీద నేసిండ్రురా?" అన్నాడు. తనను ఒకరు ఇంత జాగ్రత్తగా చూశారని ఊరెళ్లినప్పుడల్లా చెప్పుకున్నాడు. నేను అడిగింది ఆ దుప్పటినే.

రాత్రి రేడియాలజీ చదివిన మేనల్లుడికి ఫోన్ చేశాను. టెక్నీషియన్‌దే సరైన పని అన్నాడు. బీజకోశాలు కప్పాలని అమెరికా ప్రభుత్వం 1976లో సిఫారసు చేసింది. 2019లో అక్కడి వైద్య భౌతికశాస్త్ర సంఘమే ఇక మానేయమంది. ఆడపిల్లల అండాశయాలు లోపల ఎక్కడున్నాయో పైనుంచి తెలియదు, దుప్పటి తరచూ పక్కకు పడుతుంది. ఒక్కోసారి చూడాల్సిన ఎముకనే మూసేస్తుంది, మళ్లీ తీయాల్సొస్తుంది. మోతాదును తానే సరిచూసుకునే యంత్రమైతే, సీసం అడ్డొచ్చినప్పుడు కిరణాలు చాలలేదనుకుని ఇంకా వదులుతుంది. ఒంట్లోపల చెదిరే కిరణాలను పైదుప్పటి ఎలాగూ ఆపలేదు. మొత్తం ముప్పులో బీజకోశాల వాటాకిచ్చే లెక్కను కూడా అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 1990 నాటి 0.20 నుంచి 2007లో 0.08కి తగ్గించింది.

కోడలి సంగతి వేరు. ఆ ఫొటో ఆమెది కాదు, చెదిరొచ్చే కిరణం ఒక్కటి కూడా ఆమెకు అక్కర్లేదు.

సాంచా జాలీ వేళ్లను కాపాడుతుంది. ఈ దుప్పటి పిల్లను కాపాడదు. నా కోపం తప్పు, మర్నాడు వెళ్లి ఆ అబ్బాయికి చెప్పొచ్చాను.

మీరు వెళ్తే దుప్పటి అడగకండి. ఈ ఫొటో నిజంగా అవసరమా అని డాక్టర్ను అడగండి. పాత ఫిల్ములు వెంట తీసుకెళ్లండి. గర్భమేమోనన్న అనుమానముంటే బల్ల ఎక్కకముందే చెప్పండి.