నొప్పి రాకముందే

ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. మన దేశంలో హాస్పిస్ వైద్యులు, అంటే చివరి దశ రోగుల బాధ తగ్గించేవాళ్లు, మార్ఫిన్ అనే నొప్పి మాత్ర వేసుకోమని చెప్పే వేళలివి. మాత్ర పనిచేసేది దాదాపు నాలుగు గంటలు. దాని బలం తగ్గకముందే తరువాతిది పడాలి. రాత్రి పదింటికి మాత్రం రెట్టింపు మోతాదు. అర్ధరాత్రి లేపే పని లేకుండా తెల్లారేదాకా నిద్ర పట్టాలని. రోగి నిద్ర ఒక్కటే కాదు, మంచం పక్కన చాప మీద పడుకున్న భార్య నిద్ర కూడా ఆ లెక్కలో ఉంది. మార్ఫిన్ మలబద్ధకం తెస్తుంది కాబట్టి మొదటి రోజే విరేచనం మందు కూడా రాస్తారు. మధ్యలో నొప్పి తన్నుకొస్తే వేసుకోవడానికి అదనపు మాత్రలు ఇంటివాళ్ల చేతిలో ఉంచుతారు. అవి ఎన్ని ఖర్చయ్యాయో చూసి అసలు మోతాదు సవరిస్తారు. ఈ చిన్న చీటీలో ఉన్నంత ముందుచూపు నాకు పెద్ద పెద్ద ఆపరేషన్లలో కూడా అరుదుగా కనిపిస్తుంది.

దీని వెనకున్న మనిషి సిసిలీ సాండర్స్ (1918-2005). మొదట నర్సు. నడుం నొప్పి వల్ల ఆ పని మానేసి, ఆసుపత్రిలో రోగుల ఇంటి ఇబ్బందులు చూసే ఉద్యోగంలో చేరారు. తరువాత వైద్యం చదివి 1957లో డాక్టరయ్యారు. అప్పట్లో నొప్పి భరించలేక రోగి అడిగితేనే మందిచ్చేవారు, అలవాటు పడిపోతాడన్న భయంతో. లండన్‌లోని సెయింట్ ల్యూక్స్ ఆసుపత్రిలో సేవ చేస్తున్నప్పుడు వేళ ప్రకారం మందివ్వడం ఆమె చూశారు. ఆ పద్ధతిని సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌కు తెచ్చి, ఒక్కొక్క రోగి వివరం రాసిపెట్టి, అది సరైన పద్ధతేనని వైద్యలోకం ముందుంచారు. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. రెండేళ్లకే అక్కడి నర్సులు ఇళ్లకు వెళ్లడం మొదలైంది. ఒంటి నొప్పి, మనసు కుంగుబాటు, ఇంటి గురించిన బెంగ, దేవుడి మీద కోపం: నాలుగూ కలిసి ఒకే బాధ అని ఆమె గట్టిగా చెప్పగలిగారంటే, మూడు ఉద్యోగాల్లోనూ మంచం పక్కన నిలబడిన అనుభవమే కారణమని నేననుకుంటాను.

మన దేశంలో ఈ పనికి అసలైన ఇల్లు కేరళ. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్, ఇంకొందరు మొదలుపెట్టిన సంస్థ నుంచి ఊరూరా ఇంటికెళ్లే బృందాలు పుట్టాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మార్ఫిన్‌ను ఎంత బిగించిందంటే, 2014లో సవరణ వచ్చేదాకా నొప్పితో ఉన్నవాడి దాకా మాత్ర చేరడమే గగనమైంది. ఆ కాలంలోనూ వీళ్లు పని ఆపలేదు.

ఇంటికొచ్చిన నర్సు చేతులు గమనించాలి. కుళ్లిన పుండు వాసనకు రోగి సిగ్గుతో చచ్చిపోతుంటాడు, మనవలు గదిలోకి రారు. మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా నూరి పుండు మీద చల్లి కట్టు కడుతుంది. కొన్నాళ్లకు వాసన తగ్గి, పిల్లలు మళ్లీ మంచం దగ్గరికొస్తారు. ఇంత చవకైన మాత్ర ఒక మనిషిని తన ఇంటికి తిరిగి ఇచ్చింది! కట్టు మార్చడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోరు తుడవడం ముందు తాను చేసి చూపిస్తుంది, తరువాత కోడలి చేత చేయిస్తుంది, మూడోసారి పక్కన నిలబడి చూస్తుంది. ఏమీ చేయలేకపోతున్నామన్న దిగులు కుటుంబానికి అక్కడే సగం తీరుతుంది.

మాటలోనూ పనితనం ఉంది. ‘నాన్నకు క్యాన్సరని చెప్పకండి డాక్టరుగారూ’ అని గుమ్మంలోనే చేతులు పట్టుకునే కొడుకులు మన ఇళ్లల్లో ఎందరో. మంచి వైద్యుడు అతణ్ని కసరడు, అబద్ధానికీ ఒప్పుకోడు. ముందు అతని భయమేమిటో వింటాడు. తరువాత పెద్దాయన దగ్గర కూర్చుని, ‘మీ జబ్బు గురించి మీకేం తెలుసు, ఇంకేమైనా తెలుసుకోవాలనుందా?’ అని అడిగి ఆగుతాడు. చాలాసార్లు పెద్దాయనకు అంతా తెలిసే ఉంటుంది. కొడుకు బాధపడతాడని ఆయనా దాస్తున్నాడు.

చివరి రోజుల్లో తిండి మానేస్తే ఇంటివాళ్లకు అది మహా పాపంలా తోస్తుంది. బలవంతంగా పోస్తే గొంతులో అడ్డం పడుతుందని, ఒళ్లు సెలవు తీసుకుంటున్నప్పుడు ఆకలి ఉండదని ఓపిగ్గా చెబుతారు. తులసి తీర్థం పోయాలన్న కోరికను కాదనరు. గుటక వేయలేని మనిషికి పెదవులు తడిపితే చాలంటారు. శ్వాస గరగరలాడితే పక్కకు తిప్పి పడుకోబెట్టి, అవసరమైతే మందిస్తారు. ఆ చప్పుడు చూసేవాళ్లను భయపెట్టినంతగా రోగిని బాధించదని చెప్పి, ఇంటివాళ్లను రోగి చెయ్యి పట్టుకుని కూర్చోమంటారు.

పెద్దకర్మ అయ్యాక కూడా మంచి బృందం మళ్లీ ఆ గడప ఎక్కుతుంది. మిగిలిన మార్ఫిన్ లెక్కచూసి తీసుకోవడం ఒక పని. భార్య నిద్రపోతోందా, అప్పులెలా ఉన్నాయి, పిల్లలు బడికి వెళ్తున్నారా అని అడగడం రెండోది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోని పాలియేటివ్ (బాధ తగ్గించే వైద్యం) విభాగం, ఉచితంగా చూసే స్పర్శ్ హాస్పిస్ ఈ పని చేస్తున్నాయి. ‘ఇక ఇంటికి తీసుకెళ్లిపోండి’ అని ఏ ఆసుపత్రిలోనైనా చెబితే, మార్ఫిన్ ఎక్కడ దొరుకుతుంది, ఇంటికి ఎవరొస్తారు అని అక్కడే అడగండి. అడిగే హక్కు మనకుంది.