పెద్ద గుట్ట పక్కన చిన్న పందెం

2006 ఆగస్టు. లాస్ వేగాస్‌లోని రియో హోటల్లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన టోర్నమెంటు చివరి అంకానికి వచ్చింది. తలా 10,000 డాలర్లు కట్టి కూర్చున్న 8,773 మందిలో మిగిలింది ముగ్గురు: జేమీ గోల్డ్, పాల్ వాసికా, మైకేల్ బింగర్. మిగతా ఇద్దరి చిప్పులూ కలిపినా గోల్డ్ ముందున్న గుట్టకు సరితూగవు.

బల్ల మీద అందరికీ ఉమ్మడి ముక్కలుగా 10, 6, 5 పడ్డాయి. బింగర్ దగ్గర ఆసు, 10 ఉన్నాయి. అతను 35 లక్షల చిప్పులు పందెం కాశాడు. గోల్డ్ వెంటనే ఆల్ ఇన్, అంటే ఉన్నదంతా పందెం, అన్నాడు. అతని చేతిలో ఉన్నవి 4, 3. జత కూడా లేదు. 7 గానీ 2 గానీ పడితే తప్ప వరస కుదరదు. మధ్యలో ఇరుక్కున్నది వాసికా. ఇస్పేటు 8, 7 పట్టుకున్న అతనికి వరసకూ దారి ఉంది, ఒకే రంగుకూ దారి ఉంది. అంతటి ముక్కలు పట్టుకుని కూడా ప్యాక్ చేశాడు. తర్వాత 7 పడింది, గోల్డ్‌కు వరస కుదిరింది, బింగర్ లేచి వెళ్లాడు.

వాసికా పిరికివాడని అప్పట్లో చాలామంది అన్నారు. అది అన్యాయం. మూడో స్థానానికి 41 లక్షల డాలర్లు, రెండో స్థానానికి 61 లక్షలు. ఇద్దరు కొట్టుకుంటుంటే పక్కన కూర్చుంటే చాలు, 20 లక్షల డాలర్లు దగ్గరికి నడిచి వచ్చే అవకాశం ఉంది. తను దిగి ఓడితే అంతటితో సరి. అదే గోల్డ్ ఓడితే? కుర్చీ కదలదు, ఇంకా అతనిదే పెద్ద గుట్ట. ఒకే పందెం ఒకరికి ఖర్చు, ఇంకొకరికి ప్రాణం. పెద్ద గుట్ట బలమంతా ఈ తేడాలోనే ఉంది.

టోర్నమెంటులో చిప్పుకూ రూపాయికీ ఉన్న లంకె చాలా వింతది. ఆ రోజు చివరికి అందరి చిప్పులూ గోల్డ్ ముందుకే చేరాయి. కానీ సుమారు 8 కోట్ల 25 లక్షల డాలర్ల బహుమతి సొమ్ములో అతనికి దక్కింది కోటీ 20 లక్షలు, అంటే ఏడో వంతు. కాబట్టి చిప్పులు రెట్టింపైతే విలువ రెట్టింపు కాదు; ఉన్నవి పోతే మాత్రం విలువ మొత్తం పోతుంది. 1987లో పోకర్ రచయిత మేసన్ మాల్ముత్ ఈ సంగతిని లెక్కగట్టి చూపించాడు. నేటికీ ఆటగాళ్లు ఆ పద్ధతినే సాధన చేస్తున్నారు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. గుట్ట పెద్దది గనక పందెమూ పెద్దదిగా ఉండాలనుకుంటారు. లెక్క అలా చెప్పదు. మధ్యలో 1,000 చిప్పులున్నాయనుకుందాం. చేతిలో ఏమీ లేకుండా 1,000 కాస్తే, రెండుసార్లలో ఒకసారి ఎదుటివాడు తప్పుకుంటేనే గిట్టుబాటు. 500 కాస్తే మూడుసార్లలో ఒకసారి చాలు. ఆ 1,000లో మూడో వంతే కాస్తే నాలుగింట ఒకసారి. బహుమతులు మొదలయ్యే గీత దగ్గరికొచ్చి వణుకుతున్నవాడు 500కు తప్పుకుంటాడంటే మరో 500 అనవసరంగా బల్ల మీద పెట్టడం దేనికి? పైగా ఎదుటివాడి దగ్గర 6,000 ఉంటే, 80,000 ఉన్నవాడి పందెం కూడా 6,000 దగ్గరే ఆగిపోతుంది. ఒకప్పుడు మొదటి పెంపు పెద్ద బ్లైండుకు (ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పందెం) మూడు రెట్లు ఉండేది. ఇప్పుడు రెట్టింపు, ఆ పైన కాస్త. చిన్న పందేలను తరచూ వేయడమే నేటి పద్ధతి, అదే సరైనదని ఈ కాలమ్ నమ్మకం.

పెద్ద గుట్టకూ చిన్న గుట్టకూ ఉన్న తేడాను నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలు చేసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. 1990ల మధ్యలో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వ్యాధి వచ్చినప్పుడు కండలేరు క్రీకు చుట్టుపక్కల గుంటలు వరసగా ఖాళీ అయ్యాయి. పది గుంటలున్న రైతు ఒక గుంట పోతే మిగతావి చూసుకుంటాడు. అప్పు తెచ్చి ఒకే గుంటలో పిల్లలు వదిలినవాడికి ఆ పంటే మొదలూ చివరా. వనామీ రొయ్యకు 2009లో అనుమతి వచ్చాక చదరపు మీటరుకు 60 పిల్లలకు మించకూడదని నిబంధన పెట్టారు. గుంటలెన్ని ఉన్నా ఒక్కోదానిలో కుక్కడానికి వీల్లేదు; గుట్ట పెద్దదైనా పందెం చిన్నదిగా ఉండాలన్నట్టే.

మన ఊళ్లలో సంక్రాంతికి ఆడే మూడు ముక్కలాటకూ పోకర్ టోర్నమెంటుకూ ముఖ్యమైన తేడా ఉంది. అక్కడ భయపెట్టేది జేబు. డబ్బున్నవాడు చాల్ పెంచుతూ పోతే మంచి ముక్కలున్నవాడూ ప్యాక్ చేస్తాడు. టోర్నమెంటులో అందరూ సమానంగా మొదలవుతారు. గుట్ట అక్కడే, ఆ బల్ల మీదే సంపాదించాలి. సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా చెబుతూ, మూడు ముక్కలాటను కేవలం అదృష్టమంది. అయితే ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇలాంటి ఆటలను డబ్బు పెట్టి ఆడటానికి దారులు మూసుకుపోయాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ తన గేమింగ్ చట్టాన్ని సవరించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అప్పులపాలైన ఇళ్లను చూసినవారెవరూ దాన్ని తప్పుపట్టరు. డబ్బు లేకుండా చింతగింజలతో ఆడినా ఈ పందేల లెక్కలు మారవు.

చిన్న పందెం పారని చోట్లు రెండున్నాయి. ఒకటి, మూడు నాలుగు బ్లైండ్లే మిగిలినవాడు: అతనికి పోయేదేమీ లేదు, ఏ ముక్కలతోనైనా దిగుతాడు, అతని మీద ఉత్తుత్తి పందెం వేస్తే దండగ, నిజంగా ముక్కలున్నప్పుడే వేయాలి. రెండోది, బల్లకు అవతలివైపున్న ఇంకో పెద్ద గుట్ట. తనను పూర్తిగా తుడిచేయగలిగినవాడు బల్ల మీద అతనొక్కడే గనక, మంచి ఆటగాడు అతనితో తగువుకు దిగేముందు చాలాసేపు ఆలోచిస్తాడు. మధ్యస్థంగా ఉన్నవాళ్ల బ్లైండ్ల మీదికే మళ్లుతాడు.