ఒక్కొక్కరికే చూపించే ఫొటో

నాటకంలో మోసాన్ని చీకట్లో దాచడం ఎవరైనా చేస్తారు. అందరి కళ్లెదుటా పెట్టి దాచినవాడు జె.బి. ప్రీస్ట్లీ. 'యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్'లో ఇన్‌స్పెక్టర్ గూల్ ఒక అమ్మాయి ఫొటో తీసి ఫ్యాక్టరీ యజమాని బర్లింగ్‌కి చూపిస్తాడు. కొడుకూ, కాబోయే అల్లుడూ తొంగిచూడబోతే అడ్డం నిలబడతాడు. తర్వాత కూతురు షీలాకి, మరో అంకంలో తల్లికి. ఎప్పుడూ ఒక్కరికే. ప్రేక్షకులకి అసలు చూపించడు. అయినా ముగ్గురూ చూసింది ఒకే అమ్మాయినని మనం నమ్మేస్తాం. చివరి అంకంలో కాబోయే అల్లుడు జెరాల్డ్ అది ఒకే ఫొటోనా అని అడిగేదాకా మనకి అనుమానమే రాదు.

నాటకాలు వేయించే పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి నా దృష్టి ఆ ఫొటో మీదే ఉంటుంది. ఎలాగూ ఎవరికీ కనపడదుగా అని ఏ శుభలేఖ ముక్కతోనో కానిచ్చేసేవాళ్లున్నారు. నాకు అవకాశమొస్తే మూడు వేర్వేరు ముఖాలు పెడతాను, ఆ సంగతి నటులకి చెప్పను. షీలా చూడగానే ఏడుపు ఆపుకోలేక గదిలోంచి పరుగెడుతుంది. తల్లి చూసి, ఎవరో తెలియదంటుంది. ఆ అబద్ధం పలికేటప్పుడు ఆమె చేతిలో ఉత్త అట్టముక్క ఉంటే గొంతులో తేడా తెలిసిపోతుంది.

కథ 1912లో, బ్రమ్లీ అనే కల్పిత ఊళ్లో, షీలా నిశ్చితార్థపు విందు రాత్రి నడుస్తుంది. ఈవా స్మిత్ అనే అమ్మాయి ఫినాయిల్ లాంటిదేదో తాగి చనిపోయిందన్న కబురుతో గూల్ వస్తాడు. వారానికి ఇరవై రెండున్నర షిల్లింగుల జీతాన్ని 25 చెయ్యమన్నందుకు ఆమెని పనిలోంచి తీసేసింది బర్లింగే. బట్టలకొట్లో దొరికిన ఉద్యోగం షీలా చిరాకు వల్ల పోయింది. జెరాల్డ్ కొన్నాళ్లు చేరదీసి వదిలేశాడు.

ఇక తల్లి సంగతి. ఆమె స్త్రీల సహాయ సంఘంలో పెద్ద. గర్భంతో సాయం కోరి వచ్చిన అమ్మాయి తన పేరు మిసెస్ బర్లింగ్ అని చెప్పిందన్న కోపంతో తిప్పి పంపించేసింది. తప్పంతా ఆ కడుపు చేసినవాడిదే, వాణ్ణి పట్టుకుని నలుగురిలో నిలబెట్టండి అని ఇన్‌స్పెక్టర్‌కే ఆజ్ఞాపిస్తుంది. ఆమెకన్నా ముందే షీలాకి అర్థమైపోతుంది, ఆపమ్మా అంటుంది. తల్లి వినదు. కొడుకు ఎరిక్ లోపలికొస్తాడు, తెర పడుతుంది. ఇంత ఒడుపుగా అల్లిన ఘట్టాలు నేను చూసినవాటిలో తక్కువ. కొడుకు తాగుతాడని ఊళ్లో తెలుసు, షీలాకి తెలుసు, కన్నవాళ్లకి తెలియదు. ఆ అమ్మాయి కోసం తండ్రి ఆఫీసులో 50 పౌన్లు కొట్టేశాడు గానీ నాన్నని అడగలేకపోయాడు. ఫొటో ఒక్కొక్కరికే చూపించడం అందుకే కుదిరింది. ఆ ఇంట్లో ఎవరి సంగతి వాళ్లు దాచుకోవడం అంతకుముందే అలవాటు.

పనిమనిషి ఎడ్నాకి మాటలు బహు తక్కువ. అందుకే ఆ వేషం కొత్తవాళ్లకి పడేస్తారు. నాకది నచ్చదు. టీ కావాల్సి వస్తుందేమోనని ఆమెని పడుకోకుండా ఉండమంటుంది యజమానురాలు. చనిపోయిన పనిపిల్ల గురించి అర్ధరాత్రి దాకా వాదించుకునేవాళ్లలో ఒక్కరూ బతికున్న ఈ పనిపిల్లతో ఆ సంగతి ఎత్తరు. పళ్లెం పట్టుకుని నడిచే తీరులోనే అంతా చెప్పగలిగిన నటి కావాలి దానికి.

లండన్‌లో థియేటరు దొరక్క ఈ నాటకం 1945లో ముందు సోవియట్ రష్యాలో ఆడింది. 1992లో స్టీఫెన్ డాల్డ్రీ ఆ ఇంటిని బొమ్మరిల్లులా స్తంభాల మీదికెత్తి, కూలగొట్టి చూపించాడు. గొప్ప సెట్టింగే, కాదనను. మన పరిషత్తు పోటీల్లో అలాంటిది ఎత్తలేం, అక్కర్లేదు కూడా. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, ఒక టెలిఫోను చాలు. నాకు గుచ్చుకునేది గూల్ వెళ్తూ దంచే ఉపన్యాసం. గొంతెత్తితే అది సభ అయిపోతుంది. మామూలుగా మాట్లాడే నటుణ్ణి వెతుక్కోవాలి.

గూల్ అసలు పోలీసే కాదని తేలాక బర్లింగ్ నవ్వేస్తాడు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే అలాంటి చావే లేదంటారు. జెరాల్డ్ ఉంగరం మళ్లీ చాపుతాడు. షీలా అప్పుడే కాదంటుంది. అంతలో ఫోన్ మోగుతుంది: అమ్మాయి ఒకతె ఇప్పుడే చనిపోయింది, ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఆ ఫోన్‌ని చవకబారు కిటుకనేవాళ్లున్నారు. తండ్రి ఆ నవ్వుని మనస్ఫూర్తిగా నవ్వి ఉంటే ఆ మాట రాదు. బర్లింగ్ వేషధారులు చాలామంది అక్కడే తేలిపోతారు. అబద్ధంగా నవ్వుతారు.