రేడియో నాటకంలో ఆర్గాన్

పోయిన ఏడాది మా బడి వార్షికోత్సవంలో నాటకానికి తెర వెనక హార్మోనియం నేనే వాయించాను. ఏడుపు సీను కదా అని గట్టిగా వాయించేశాను. తల్లి వేషం వేసిన నా స్నేహితురాలి ఆఖరి మాట ఎవరికీ వినబడలేదు. వారం రోజులు నాతో మాట్లాడలేదు అది. అందుకేనేమో, ఈ సెలవుల్లో మామయ్య తన ఫోన్లో పాత అమెరికా రేడియో నాటకం పెడితే నా చెవి కథని వదిలేసి ఆర్గాన్ వెంట పోయింది.

ఆ నాటకం పేరు 'ద షాడో'. 1937 సెప్టెంబరులో ఆర్సన్ వెల్స్ అందులో హీరోగా చేరినప్పటిది. చేయని హత్యకు ఒకతనికి మరణశిక్ష పడుతుంది. ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది, మిగతా సగం మామయ్య చెప్పాడు. కానీ ఆర్గాన్ మోగితే సీను మారిందని ఎవరూ చెప్పక్కర్లేదు. రేడియోకి తెర లేదు, లైట్లు ఆర్పడం లేదు. ఆ పనంతా ఆర్గానే చేయాలి.

ఈ నాటకాలకు వాయించినవాళ్ళలో రోసా రియో ఒకరు. 1902లో పుట్టారు. మొదట సినిమా హాళ్ళలో మూకీలకు ఆర్గాన్ వాయించేవారు. సినిమాకి మాటలొచ్చాక ఆ పని పోయింది. తర్వాత న్యూయార్కులో ఎన్.బి.సి. రేడియోలో ఇరవై ఏళ్ళకు పైగా చేశారు. అప్పట్లో నాటకాలు చాలావరకు అప్పటికప్పుడు ప్రసారమయ్యేవి. పగటి సీరియల్ ఒక్కోటి పావుగంట. ఒకటి అవగానే ఇంకో స్టూడియోకి పరుగు! నాటకం అర నిమిషం ముందే అయిపోతే ఆ అర నిమిషాన్ని ఆర్గాన్‌తో నింపాలి. ఆలస్యమైతే రాగాన్ని అక్కడికక్కడే ముగించాలి. ఒక కన్ను స్క్రిప్టు మీద, ఇంకో కన్ను అద్దం వెనక డైరెక్టరు చెయ్యి మీద. తప్పు వాయిస్తే దేశమంతా వినేస్తుంది. నాకు మా హాల్లో జనాన్ని చూస్తేనే చేతులు వణికాయి.

అయినా నాకు నచ్చనిది ఒకటుంది. ఎవరైనా భయంకరమైన మాట అనడం ఆలస్యం, ఆర్గాన్ ఢామ్మని మోగుతుంది. మళ్ళీ మళ్ళీ అంతే. భయపడాలో వద్దో నన్ను తేల్చుకోనివ్వదు. ఈ మాటే అంటే మామయ్య, "రేడియోలో నాలుగు క్షణాలు ఏమీ వినబడకపోతే సెట్టు పాడైందనుకుంటారే పిల్లా" అన్నాడు. నిజమే. కానీ షాడో ఎవరికీ కనబడకుండా నేరస్థుడితో మాట్లాడతాడు చూడండి, అక్కడ ఆ గొంతు చాలు. ఆర్గాన్ అక్కర్లేదు.

మూకీలో సంగీతం కింద పడి నలిగిపోవడానికి మాటే లేదు. రేడియోలో మాటే ప్రాణం. రోసా రియో రెండింటికీ వాయించారు. హాలంతా నిండేలా వాయించిన చేతులు మైకు ముందు తగ్గడం నేర్చుకోవాలంటే ఎంత కష్టమో నాకు కొంచెం తెలుసు. నూరేళ్ళు దాటాక ఫ్లోరిడాలోని టాంపా థియేటర్లో ఆవిడ మళ్ళీ మూకీలకు వాయించారు. 2010లో 107 ఏళ్ళ వయసులో పోయారు.

ఈ ఏడాది నాటకానికీ హార్మోనియం నాదే. స్క్రిప్టులో చెయ్యి తీసేయాల్సిన చోట్లకు ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టుకుంటున్నాను. నా స్నేహితురాలే పక్కన కూర్చుని పెట్టిస్తోంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి.