గూడ్సు షెడ్డు మన కథలోకి ఎందుకు రాలేదు?

మా మైలవరానికి రైలు లేదు. రైలు చూడాలంటే కొండపల్లి పోవాలి, లేదా బెజవాడ పోవాలి. అందుకేనేమో మా పిల్లలు రైలు గురించి ఏం రాసినా అది ప్రయాణం గురించే అయి ఉంటుంది. కిటికీ, వెనక్కి పరుగెత్తే చెట్లు, అమ్మమ్మగారి ఊరు. కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు బడి సంచికకు ఇచ్చిన కథ ఇందుకు భిన్నంగా ఉంది. అందులో ప్రయాణం లేదు. వాళ్ల తాత ఒక గూడ్సు షెడ్డులో ముఠా పని చేసినవాడు. బియ్యం బస్తాలు ఎత్తే ముందు ఖాళీ వ్యాగనులోకి ఎక్కి, తలుపులు మూయించుకుని, చీకట్లో నిలబడి నలువైపులా చూసేవాడట. వెలుగు చుక్క ఎక్కడ కనబడితే అక్కడ చిల్లి ఉన్నట్టు. ఆ చిల్లిలో గోనెపీలికలు కుక్కి, తలుపు సందులకు పేడ మెత్తి, ఆ తర్వాతనే బస్తా ఎత్తేవారట.

ఆ పేరాను నేను ఎర్రసిరాతో కొట్టేశాను. "కథకు అవసరం లేదు. తాత మంచితనం గురించి రాయి" అని పక్కన రాశాను. కుర్రవాడు అట్లాగే రాశాడు. కథ అచ్చయింది, నలుగురూ మెచ్చుకున్నారు. ఆ కథ ఇప్పుడు నాకే గుర్తు లేదు. గుర్తున్నది నేను కొట్టేసిన పేరా ఒక్కటే.

ఆ ఎర్రసిరా నా ఒక్కడి చేతిలోదేనా, లేక మన సాహిత్యాభిరుచిలోనే ఉన్నదా అన్నది పరిశీలించవలసిన విషయం.

తెలుగు కథలో రైలుకు కొదవ లేదు. 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు "గాలివాన" రైలు ప్రయాణంలోనే మొదలవుతుంది. తుపాను దెబ్బకు ఒక పెద్దమనిషి సూత్రాలూ నియమాలూ ఎట్లా కూలిపోతాయో ఒక చిన్న స్టేషనులోనే మనం చూస్తాం. గొప్ప కథ, సందేహం లేదు. అయితే ఆ స్టేషను ఆ పెద్దమనిషికి తలదాచుకునే చోటు. ఆ స్టేషనులో బతుకు వెళ్లదీసేవారి కళ్లతో కథ నడవదు. ఇది ఆ కథలో లోపం కాదు, దాని వస్తువు వేరు. కాని ఆ తర్వాత వచ్చిన మన కథల్లో కూడా, నేను చదివినంతలో, రైలును టిక్కెట్టు కొన్నవాడి వైపునుంచే చూడటం రివాజయింది. అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ 1943లో జరిగిన తెనాలి రైల్వే జంక్షనే. బెజవాడ సంగతి చెప్పనే అక్కరలేదు. పట్టాల పక్కనే పుట్టి పెరిగిన ఉద్యమం మనది. అయినా గూడ్సు షెడ్డు మనకు ప్రధాన వస్తువు కాలేదు.

1974 మే నెలలో దేశవ్యాప్తంగా రైల్వే కార్మికులు సమ్మె కట్టినప్పుడు మనం స్పందించలేదా అని అడగవచ్చు. స్పందించాం. కాని ఇక్కడే మన బలహీనత బయటపడుతుంది. సమ్మె రోజున కార్మికుడు మన సాహిత్యంలోకి వస్తాడు. మర్నాడు డ్యూటీ ఎక్కగానే మాయమవుతాడు. అతని కోపం మనకు కావాలి, అతని పని మనకు అక్కరలేదు.

పని తెలియకపోతే మార్పూ తెలియదు. ఒకప్పుడు నాలుగు చక్రాల మూత వ్యాగను ఇరవై టన్నుల పైచిలుకు సరుకు మోసేది. ఒక చిన్న మిల్లుదారు ఒక్క వ్యాగనుకే ఇండెంటు పెట్టుకునేవాడు. షంటింగు గూడ్సు స్టేషను స్టేషనుకూ ఆగి ఒక వ్యాగను వదిలి మరొకటి తగిలించుకుపోయేది. పెద్ద యార్డులో వాటిని ఊరువారీగా విడదీసి మళ్లీ కూర్చేవారు. ఈ ఏర్పాటు మీద పాయింట్స్‌మన్, షంటింగ్ జమేదారు, ముఠా మేస్త్రి, టీకొట్టువాడు, ఎడ్లబండివాడు బతికారు. 1980ల నుంచి రైల్వే విధానం మారింది. విడి వ్యాగన్లకు బదులు రేకు మొత్తం ఒకేచోట నింపి ఒకేచోట దింపే పద్ధతికి ప్రాధాన్యం వచ్చింది. ఎనిమిది చక్రాల బాక్స్‌ఎన్ వ్యాగన్లు 58 ఒక బండిగా బొగ్గు మోస్తాయి. చిన్న స్టేషన్లలో షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చిన్న సరుకు లారీ ఎక్కింది. నెల్లూరు జిల్లా బిట్రగుంట, ఆవిరి ఇంజన్ల మీద బతికిన ఊరు, ఆ ఇంజన్లతోపాటే కళ తప్పింది.

ఇదంతా ఉత్పత్తి సంబంధాల్లో వచ్చిన మార్పు. కాళీపట్నం రామారావు 1964లో "యజ్ఞం" రాసినప్పుడు ఒక బాకీ లెక్కలోనుంచి ఊరి చరిత్ర మొత్తం లాగి చూపించారు. అప్పు పత్రం కథకు అడ్డు కాలేదు, అదే కథ అయింది. గూడ్సు షెడ్డు లెక్కలకు అట్లాంటి రచయిత దొరకలేదు. వ్యాగను గడువులో ఖాళీ చేయకపోతే పడే డెమరేజి షావుకారుకు డబ్బు నష్టం. ముఠావాడికి అది అర్ధరాత్రి పిలుపు, రెండో పూట తిండి లేని పని. ఒక్క మాటలో రెండు వర్గాల జీవితం ఉంది. రచయితకు ఇంతకంటే ఏం కావాలి?

"అవి సాంకేతిక వివరాలు, సాహిత్యానికి కావలసింది మానవ సంబంధాలు" అనే మిత్రులున్నారు. నేనూ నిన్నటిదాకా ఆ మాటే అన్నవాణ్ణి. కాని జోలా 1890లో రైల్వే జీవితం మీద నవల వెలువరించడానికి ముందు ఇంజను మీద ఎక్కి ప్రయాణం చేసి చూశాడు. టాల్‌స్టాయ్ "అన్నా కరెనినా"లో మాస్కో స్టేషనులో ఒక రైల్వే కార్మికుడు బండి కిందపడి నలిగిపోతాడు. అంత మహారచయిత నవలలోనూ ఆ చావు ప్రధానంగా నాయికకు అపశకునంగానే మిగిలింది. మరి ఆ కార్మికుడికి అది ఏమిటి? ఆ ప్రశ్న అడగవలసినవాళ్లం మనమే.

ఇప్పుడు కొత్త ప్రమాదం వచ్చింది. పాత ఇంజనుకు రంగు వేసి స్టేషను ముందు నిలబెడుతున్నారు. 1977 నుంచి ఢిల్లీలో రైలు మ్యూజియం ఉంది. భద్రపరచటం మంచిదే. కాని మన కొత్త కవిత్వంలో పాత వ్యాగను అందమైన తుప్పుగా, పోయిన బాల్యంగా వస్తున్నది. రెండు బఫర్ల మధ్య దూరి కప్లింగు తగిలించినవాడికి ఆ కాలం బంగారుకాలం కాదు. రెప్పపాటు ఆలస్యమైతే ప్రాణం పోయే కాలం. వ్యాగను పోయిందని ఏడ్చి, దాని కింద నలిగినవాణ్ణి మరచిన కవిత్వం అభ్యుదయ కవిత్వం కాదు.

వస్తువు అయిపోలేదు కూడా. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో 1979లో మొదటి యూనిట్ పనిచేయటం మొదలుపెట్టింది. ఆ కేంద్రానికి బొగ్గు బండ్లు వస్తూనే ఉన్నాయి. రాయనపాడు దగ్గర గుంటుపల్లి వర్క్‌షాపులో వ్యాగన్లు మరమ్మతు అవుతూనే ఉన్నాయి. దెబ్బతిన్న వ్యాగనుకు రైల్వేవాళ్ల భాషలో "సిక్" అని పేరు. దానికొక లేబులు, దానికొక ప్రత్యేకమైన లైను. జబ్బుపడ్డ వ్యాగనుకు అంత ఏర్పాటు ఉన్నచోట, నడుం పడిపోయిన ముఠావాడికి ఏం ఉండేదో పాత మేస్త్రులను అడిగి రాసుకోవచ్చు. వాళ్లు ఇంకా కొందరు మిగిలే ఉన్నారు, ఎన్నాళ్లో ఉండరు.

ఆ కుర్రవాడు ఇప్పుడు మా ఊళ్లో లేడు. వాళ్ల తాత పోయాడని విన్నాను. చీకటి వ్యాగనులో నిలబడి వెలుగు చుక్కలు వెతికిన ఆ మనిషిని నేను చూడలేదు. చూపించబోయిన పిల్లవాడి చెయ్యి పట్టుకు ఆపాను. ఇప్పుడు మా బడి పిల్లలు కథ తెస్తే మొదట అడిగేది ఒక్కటే: "మీ ఇంట్లో వాళ్లు ఏం పని చేస్తారు, ఎట్లా చేస్తారు, అది రాశావా?" ఎర్రసిరా కలం ఆ తర్వాత తీస్తాను.