మాత్ర కాదు, తోడు: ‘బీట్‌ఇట్’ అధ్యయనంపై ఒక విమర్శ

మేధో వైకల్యమున్న వ్యక్తి తిండి తగ్గించినా, గది దాటి రాకపోయినా, అకారణంగా కోపగించినా అది ఆ వైకల్య లక్షణమేనని సరిపెట్టుకోవడం వైద్యులకు సైతం అలవాటు. వెనకనున్న కుంగుబాటు ఎవరి కంటా పడదు. పడినప్పుడు ముందుగా చేతికందేది మాత్ర. ఇంగ్లండులో సరైన వైద్యకారణం లేకుండానే 30,000 నుంచి 35,000 మంది ఇటువంటి వయోజనులు మనోవ్యాధుల మందులో, కుంగుబాటు మందులో వాడుతున్నారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్యసంస్థ 2015లో అంచనా వేసింది. మాటలతో చేసే చికిత్స వీరికి అర్థం కాదన్న నమ్మకం వీరిని దానికి చాలాకాలం దూరంగా ఉంచింది.

ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టినది, ఆండ్రూ జహోడా బృందం 2017లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో ప్రకటించిన అధ్యయనం. స్కాట్లండు, ఇంగ్లండు, వేల్సులకు చెందిన 161 మందిని యాదృచ్ఛికంగా రెండు జట్లు చేశారు. 84 మందికి ‘బీట్‌ఇట్’, అంటే అర్థవంతమైన పనులను దినచర్యలోకి తెచ్చే చికిత్స. 77 మందికి ‘స్టెప్‌అప్’, అంటే చిన్న పుస్తకాల ఆధారంగా, ఒకరి మార్గదర్శనంలో సాగే స్వయంసహాయం. రెండింటిలోనూ బంధువో సంరక్షకులో వెంట కూర్చున్నారు. ఏడాది తరువాత కొలిస్తే రెండు జట్లలోనూ కుంగుబాటు తగ్గింది. ఒకదానికంటే మరొకటి మేలని తేలలేదు.

అంతమాత్రాన రెండూ పనిచేస్తాయని నిర్ధారించడం తొందరపాటు. ఈ రెండు చికిత్సలూ పొందని మూడో జట్టు ఇందులో లేదు. కనుక ఆ తగ్గుదల చికిత్స ఫలమో, కాలం ఫలమో, ఒకరు ఎదుట కూర్చుని శ్రద్ధగా వినడం వల్ల కలిగిందో విడదీయలేము. మందులకు ఇది ప్రత్యామ్నాయమనడానికీ ఆధారం చాలదు. మందులతో పోల్చి చూడలేదు కదా.

ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటుంది. ఇష్టమైన పని చేయమని, నలుగురిలోకి వెళ్ళమని చెప్పడం తేలిక. బస్సెక్కడానికే తోడు కావలసిన మనిషికి ఆ నిర్ణయం తన చేతిలో ఉండదు. సంరక్షకుల పనివేళల్లో ఉంటుంది. వెంట వచ్చిన మనిషిని ఈ అధ్యయనం చికిత్సకు సహాయంగా చూసింది. నిజానికి చికిత్సలో సగం ఆ మనిషే కావచ్చు. రెండు జట్లకూ ఆ తోడు ఉంది గనుక దాని పాలెంతో ఈ పోలిక చెప్పలేదు.

ఇన్ని పరిమితులున్నా ఈ పరిశోధన విలువ తగ్గదు. 161 మందిలో 141 మంది చివరిదాకా నిలిచారు. ‘వీళ్ళతో ఇటువంటివి సాగవు’ అన్న సాకు ఇక చెల్లదు.

మన కుటుంబాల్లో ఆ తోడు తరచుగా తల్లే. బంధుబలగం దగ్గర లేని పరాయిదేశంలో ఆమె అలసిపోతే చికిత్స కూడా ఆగిపోతుంది. రాబోయే అధ్యయనాలు ముందుగా కొలవవలసింది ఆ తోడును.