అందరూ ఇటు చూడండి

పోయిన మాఘంలో పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో ఒక తాతగారి సహస్ర చంద్ర దర్శనం జరిగింది. హోమం అయ్యాక ఇంటిల్లిపాదీ ఒకే ఫోటోలో పడాలన్నారు. లెక్కపెడితే 64 మంది. పెద్దవాళ్ళకి కుర్చీలు, పిల్లలకి జంపఖానా, పొడుగు కుర్రాళ్ళకి వెనకాల అరుగు. "ఒరేయ్, చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకో", "వదినా, కాస్త ఇటు జరుగు", "బావగారేరీ?" బావగారు పెరట్లో ఫోన్ మాట్లాడుతున్నారు. ఆయన్ని పిలుచుకొచ్చేసరికి జంపఖానా మీంచి ఇద్దరు పిల్లలు లేచిపోయారు. అందరూ కుదురుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తీరా కెమెరాలోంచి చూస్తే ఒక్క మొహంలోనూ కళ లేదు. అంతకుముందు అదే వాకిట్లో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకున్నవాళ్ళే వీళ్ళంతా.

ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. గ్రూప్ ఫోటోలో నవ్వు లేకపోతే తప్పు జనానిది కాదు, చాలావరకు మాదే. నవ్వుతున్నవాళ్ళని పట్టుకొచ్చి నిలబెడతాం, సర్దుతాం, ఎండలో నిలువుకాళ్ళ మీద ఉంచుతాం. నవ్వంతా ఇంకిపోయాక "స్మైల్ ప్లీజ్" అంటాం.

డుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1862లో మనిషి మొహంలోని కండరాల మీద ఒక పుస్తకం వేశాడు. మొహం మీద అక్కడక్కడ సన్నగా కరెంటు తగిలించి, ఏ కండరం కదిలితే ఏ భావం కనిపిస్తుందో ఫోటోలతో సహా చూపించాడు. పెదవుల చివర్లని పైకి లాగే కండరం మన మాట వింటుంది. కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం నిజంగా సంతోషం కలిగినప్పుడే కదులుతుంది. ఆయన తేల్చింది ఇదీ. ఈ తేడా మనకి కొత్తదేం కాదు. పళ్ళికిలించడం వేరు, నవ్వడం వేరు అని తెలుగులో ఎప్పుడో వేరువేరు మాటలు పుట్టాయి. ఆర్డరు వేస్తే వచ్చేది మొదటిదే. "చీజ్" అనిపించినా అంతే, పెదవులు సాగుతాయి, కళ్ళు ఎక్కడివక్కడే ఉండిపోతాయి.

నేను పని నేర్చుకున్నది రెండు లెన్సుల యాషికా మీద. మెడలో వేసుకుని, తల వంచి పైనుంచి లోపలికి చూసే కెమెరా అది. రోల్‌కి పన్నెండే ఫోటోలు. మా గురువుగారు తల వంచి ఫోకస్ సరిచూసుకునేవారు. తర్వాత తలెత్తి, జనం కళ్ళలోకి చూస్తూ, వాళ్ళతో ఏదో మాట్లాడుతూనే మీట నొక్కేవారు. నొక్కినట్టు చాలామందికి తెలిసేదే కాదు. ఆ తర్వాత మా చేతికి కంటికి ఆనించుకునే 35 ఎం.ఎం. కెమెరాలు వచ్చాయి. ఫోటోగ్రాఫర్ మొహం కెమెరా వెనక్కి వెళ్ళిపోయింది. ఎదురుగా నల్లటి డబ్బా మిగిలింది. డబ్బాని చూసి ఎవరు నవ్వుతారు? నవ్వు మనిషికి మనిషి ఇచ్చే జవాబు. ముందు మనం ఏదో ఒకటి అంటేనే అది వస్తుంది.

ఈ సంగతి నాకు బోధపడటానికి పదేళ్ళు పట్టింది. ఇప్పుడు కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, ఫ్రేమూ ఫోకసూ చూసుకుని, చేతిలో రిమోట్‌తో పక్కకి వచ్చి నిలబడతాను. లెన్సుకి ఆనుకునే నిలబడాలి, దూరంగా జరిగితే చూపులన్నీ పక్కకి పోతాయి. అందరికంటే ముందు నేను నవ్వుతాను. నేను చిరాగ్గా ఉన్న రోజున గ్రూప్ ఫోటోలు కూడా చిరాగ్గానే వచ్చాయి. ఇది లెక్క తప్పడం నేను చూడలేదు.

కెమెరా వెనక ఎవరున్నారన్నది అంత ముఖ్యమని సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్‌కి ఆ రోజుల్లోనే తెలుసు. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్ ఆయన. 1892లో హైదరాబాద్‌లో పర్దా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అక్కడ ఫోటోలు తీసే బాధ్యత ఒక ఇంగ్లీషు మహిళకి అప్పగించాడు. నా దగ్గర ఐదేళ్ళుగా ఒక అమ్మాయి అసిస్టెంటుగా ఉంది. ఆడవాళ్ళ గ్రూపు తీయాల్సి వస్తే రిమోట్ ఆమె చేతికే ఇచ్చేస్తాను. "పిన్నీ, ఆ గాజులు ఎక్కడ కొన్నారు?" అని ఆమె అడిగితే విచ్చుకునే మొహాలు, నేను ఎంత తియ్యగా మాట్లాడినా విచ్చుకోవు.

నవ్వించడానికి ఏం మాట్లాడాలి అని కొత్త కుర్రాళ్ళు అడుగుతారు. ఏం మాట్లాడకూడదో ముందు చెబుతాను. పని నేర్చుకుంటున్న కొత్తలో, ఒక పెళ్ళిలో, రెండో వరసలో నిలబడ్డ లావుపాటి బాబాయి గారిని చూసి "మీరొక్కరే ముగ్గురి చోటు తీసుకున్నారండీ" అన్నాను. మండపమంతా గొల్లుమంది. ఆ ఊపులో నొక్కాను. ప్రింటు చేతికి వచ్చాక చూశాను, అంతకుముందు నేను తీసిన ఏ గ్రూపులోనూ అన్ని నవ్వులు లేవు. మధ్యలో ఆయన. తల కాస్త పక్కకి తిప్పుకుని, ఉత్తరీయం పొట్ట మీదికి లాక్కుంటున్నారు. ఆ ఫోటో ఆ ఇంటి గోడ మీద ఏళ్ళ తరబడి వేలాడి ఉంటుంది, ఆయన ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా చూసి ఉంటారు. అప్పటినుంచి మనిషి ఒంటి మీద, రంగు మీద, బట్టతల మీద ఒక్క మాట కూడా ఆడలేదు. నా దగ్గర పనిచేసేవాళ్ళని ఆడనివ్వలేదు. ఇప్పటికీ ఎన్నో మండపాల్లో "లావుగా ఉన్నవాళ్ళు చివరికి పదండి" అనే కేక వినిపిస్తుంది. వినిపించిన ప్రతిసారీ ఆ ఉత్తరీయం గుర్తొస్తుంది.

నవ్వించకూడని మొహాలు కూడా ఉంటాయి. ఆ ఏడే భర్త పోయిన తల్లి, కూతురి పక్కన నిలబడితే చాలు. ఆవిణ్ణి పేరుపెట్టి నవ్వమని అడిగే హక్కు నాకు లేదు.

ఇక కళ్ళు మూతపడటం. ఆస్ట్రేలియాలోని సి.ఎస్.ఐ.ఆర్.ఓ. అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్ అనే ఇద్దరు దీనికి లెక్క కట్టారు, నవ్వు పుట్టించే పరిశోధనలకి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2006లో అందుకున్నారు. ఇరవై మంది లోపు గుంపయితే, మంచి వెలుతురులో ఆ సంఖ్యని మూడుతో, వెలుతురు తక్కువైతే రెండుతో భాగించాలి. వచ్చినన్ని ఫోటోలు తీస్తే అందరి కళ్ళూ తెరిచి ఉన్నది ఒక్కటి దొరుకుతుంది. 18 మందికి ఆరు ఫోటోలు. యాభై దాటితే మాత్రం ఆశ వదులుకోవాల్సిందేనని వాళ్ళే అన్నారు. మా పనిలో వదులుకుంటే కుదరదు. అందుకని అందర్నీ కళ్ళు మూసుకోమంటాను. "మూడు" అనగానే తెరవమంటాను. తెరిచిన మరుక్షణం నొక్కుతాను. దీనివల్ల అనుకోని లాభం ఇంకొకటి ఉంది. నలుగురిలో కళ్ళు మూసుకుని నిలబడ్డవాళ్ళకి తెరవగానే నవ్వొస్తుంది. ఫ్లాష్‌లో రెడ్ ఐ తగ్గించే సెట్టింగు మాత్రం ఆపేయాలి. దానివల్ల ముందుగా వెలిగే వెలుగుకే ఫోటో అయిపోయిందనుకుని సగం మంది కదిలిపోతారు.

2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఒక ఫోటోలోని మొహం తీసేసి మరో ఫోటోలోది పెట్టే ఏర్పాటు వచ్చింది. కంప్యూటర్ మీద ఆ పని మేం ముందునుంచీ చేస్తున్నదే. మూతపడ్డ కళ్ళకి పక్క ఫ్రేములోంచి కళ్ళు తెచ్చి అతికిస్తాను. నవ్వుని మాత్రం అతికించను. అది వేరే మాటకి వచ్చిన నవ్వు. పక్కనున్నవాళ్ళ నవ్వుతో కలవదు, ఎక్కడో తేడాగా ఉందని చూసినవాళ్ళకి తెలిసిపోతుంది.

మళ్ళీ పాలకొల్లు దగ్గరి ఆ వాకిట్లోకి వస్తాను. మొహాలన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. నేను కెమెరా వదిలేసి రెండడుగులు ముందుకి వెళ్ళాను. "తాతగారూ, మీ పెళ్ళిరోజున మామ్మగారు ఏ రంగు చీర కట్టుకున్నారో జ్ఞాపకం ఉందా?" అన్నాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆకుపచ్చది, జరీ అంచు" అన్నారు. పక్క కుర్చీలోంచి మామ్మగారు "అది నేను కాదు, మా చెల్లెలు" అన్నారు.

వెనక అరుగు మీద మొదలై జంపఖానా దాకా వచ్చింది ఆ నవ్వు. నేను వెనక్కి జరిగి ఐదుసార్లు నొక్కాను. మూడో ఫ్రేములో తాతగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. బావగారు కెమెరా వైపే చూడటం లేదు, భార్య వైపు చూస్తున్నారు. ఒక చంటిపిల్ల ఏడుస్తోంది. ముందు పళ్ళు ఊడాయని ఎప్పుడూ కొంగుతో నోరు మూసుకునే మామ్మగారి చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది, బోసినవ్వు మొత్తం కనిపిస్తోంది. తర్వాత అందరూ సర్దుకుని బుద్ధిగా నిలబడ్డ ఫోటో కూడా ఇచ్చాను. వాళ్ళు పెద్దది చేయించి హాల్లో పెట్టుకున్నది మూడో ఫ్రేమే.

వచ్చే లగ్గాల్లో మీ ఇంట పెళ్ళి ఉంటే రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. గ్రూప్ ఫోటోని అప్పగింతల తర్వాతకి నెట్టకండి. అప్పటికి ఆడపిల్లవారి కళ్ళన్నీ ఎర్రబడి ఉంటాయి, ఏ ఫోటోగ్రాఫరూ ఏమీ చేయలేడు. మొదటి బంతి లేచాక, కిళ్ళీలు నోట్లో పడకముందు పిలవండి. కడుపు నిండి ఉంటుంది, నోరు ఖాళీగా ఉంటుంది, చుట్టాలంతా ఇంకా మండపంలోనే ఉంటారు.